బావికాడ ఆపినోళ్లే మీటరుకాడ ఆపుతరు



నగరాల నీళ్ల సరఫరాను కంపెనీలకు అప్పజెప్పాలా వద్దా అని పత్రికల్లో చర్చ నడుస్తుంటది. ఇంజనీర్లు పైపుల లీకేజీ లెక్కలు చెప్తరు. ఆర్థిక నిపుణులు రేట్ల గురించి మాట్లాడుతరు. వామపక్షాలు ప్రపంచ బ్యాంకును తిడుతయి. ఇవన్నీ మాట్లాడాల్సినవే. కాని ఒక్క ప్రశ్న ఎవరి నోటా రాదు. నీళ్లు కంపెనీ చేతికి పోతే దళితులకు ఏమైతది? ఈ ప్రశ్న అడిగేవాళ్లు లేరు గనుక మనమే అడగాలె. ఎందుకంటే ఈ దేశంలో నీళ్లకు కులం ఉన్నది. ఆ కులాన్ని నీళ్లలోంచి తీసేయడానికి మనవాళ్లు నెత్తురు ధారపోసిన్రు.

"ప్రైవేటు" అనే మాట మనకు కొత్త కాదు

1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకొని తాగిండు. ఈ సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. తర్వాత జరిగిన కోర్టు కథ మాత్రం చాలామందికి తెల్వది. అదే ఏడు డిసెంబరులో మహద్ అగ్రవర్ణాలు కోర్టుకెక్కినయి. ఏమని ఎక్కినయి? "అంటరానోళ్లు తాగితే చెరువు మైలపడుతది" అన్నంత మాత్రాన కోర్టులో నిలవదని వాళ్లకు తెలుసు. అందుకే, "ఇది పబ్లిక్ చెరువు కాదు, సవర్ణులకు మాత్రమే చెందిన ప్రైవేటు ఆస్తి" అని వాదించినయి. పదేండ్లు కేసు నడిచింది. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు వాళ్ల కేసును కొట్టేసింది. చెరువు మున్సిపాలిటీది అని తేలింది, మనం గెలిచినం.

దీంట్లో పాఠం ఏందో చూడుండ్రి. చెరువు మున్సిపాలిటీది కాబట్టి గెలిచినం. అది ఎవరో ఒకరి సొంత ఆస్తి అయివుంటే బాబాసాహెబ్ అంతటి బారిస్టరు కూడా గెలిపించలేకపోయేవాడు. తర్వాత రాజ్యాంగంలో 15వ అధికరణ రెండో క్లాజులో ఇదే సూత్రం ఎక్కింది. సర్కారు సొమ్ముతో నడిచే, ప్రజల వాడకానికి ఇచ్చిన బావులు, చెరువులు, స్నానఘట్టాలకాడ కులం పేరుతో ఎవరినీ ఆపొద్దన్నరు. 1955 పౌరహక్కుల చట్టం ఒక అడుగు ముందుకేసి నల్లాను కూడా చేర్చింది. మన హక్కు మొత్తం "పబ్లిక్" అనే ఒక్క మాట మీద నిలబడి ఉన్నది. ఇయ్యాల ఆ మాటనే పీకేస్తున్నరు.

కులం పేరు చెప్పి నీళ్లు ఆపితే నేరం. బిల్లు పేరు చెప్పి ఆపితే వ్యాపారం. ఆగేది మాత్రం అదే బస్తీ నల్లా, అదే వాడ నల్లా.

తూము మనది, బావి వాళ్లది

తెలంగాణ ఊళ్లల్ల చెరువు తూము తీసేది, మూసేది నీరటికాడు. చాలా ఊళ్లల్ల ఆ పని మాల మాదిగలదే. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలె, ఎండాకాలం దాకా చెరువు ఎట్ల కాపాడుకోవాలె అనేది ఏ ఇంజనీరింగు కాలేజీ చదవకుండనే ఆయనకు తెలుసు. కోతల కాడ కల్లంలో ఇన్ని గింజలు చేటలో పోస్తే అదే జీతం. ఊరందరి పొలాలకు నీళ్లు పారిచ్చిన ఆ మనిషికి దూపైతే ఊరి చేదబావి గట్టు ఎక్కే హక్కు లేదు. బిందె కిందపెట్టి, ఎవరన్న దయతలిచి పోసేదాక ఎడంగ నిలబడాలె. నీళ్ల పని మనది, నీళ్ల మీద పెత్తనం వాళ్లది. ఊరి కులవ్యవస్థ నీళ్లను ఇట్ల పంచింది.

ఆ పెత్తనాన్ని ప్రశ్నిస్తే ఏమైతదో కారంచేడు చూపించింది. 1985 జులైలో మాదిగపల్లె తాగునీటి చెరువుకాడ బర్రెలను కడిగి నీళ్లు పాడుచేసినోళ్లను మనవాళ్లు అడ్డుకున్నరు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మరునాడు, జులై 17న, ఊరిమీద పడి ఆరుగురిని చంపిన్రు. ఆ నెత్తుట్లోంచే దళిత మహాసభ పుట్టింది. మన ఉద్యమం మంచినీళ్ల కాడ మొదలైన ఉద్యమం. అందుకే నీళ్లను ఎవరి చేతిలో పెడుతున్నరు అనేది మనకు పక్క విషయం కాదు.

పట్నంల ముక్కలు ముక్కలుగా

1989లో చట్టం చేసి హైదరాబాదు నీళ్లకు, మురుగుకు ఒక బోర్డు పెట్టిన్రు. దాన్నే జలమండలి అంటున్నం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మంజీర, కృష్ణ, గోదావరి, ఇవన్నీ ప్రజల సొమ్ముతో తెచ్చిన నీళ్లు. నాగపూర్‌లో లాగా నగరం మొత్తాన్ని ఒకేసారి ఒక కంపెనీకి రాసియ్యలేదు. ఇక్కడ పద్ధతి వేరు. ముక్కలు ముక్కలుగా ఇస్తున్నరు. శుద్ధి కేంద్రం నడిపేది ఏజెన్సీ. మురుగు తీసేది కాంట్రాక్టరు. వాల్వు తిప్పేటోడు, మీటరు రీడింగు రాసుకొనేటోడు ఔట్‌సోర్సింగు. గోడమీద బోర్డు పేరు సర్కారుదే ఉంటది. లోపల పనిచేసే మనిషి మాత్రం సర్కారు మనిషి కాడు.

దీనివల్ల మనకు జరిగిన మొదటి నష్టం నౌకరి. సర్కారు నౌకరిలో ఎస్సీలకు రోస్టరు ఉంటది. వాల్వు తిప్పే పనికైనా, పంపుహౌసు పనికైనా మనోడు పర్మనెంటు అయితే పిల్లలు చదువుకుంటరు, రిటైరైనంక ముసలితనంలో ఎవరి ముందట చెయ్యి చాపకుండా బతుకుతడు. ఏజెన్సీకి రోస్టరు పట్టదు. ఏజెన్సీ యజమాని తన బామ్మర్దిని సూపర్‌వైజరు చేసుకుంటడు, మనోన్ని మోరిల దించుతడు.

30 ఏండ్ల దండోరా పోరాటం తర్వాత 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతదని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీల 15 శాతం 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులకు పంచుతూ చట్టం అమలులోకి వచ్చింది. మంచిది. మాలలు, మాదిగలు, ఉపకులాలు ఎవరి వాటా వాళ్లకు అని లెక్క తేలింది. కాని ఒక్కసారి ఆలోచించుండ్రి. కంచం పంచుకున్నం, కంచంలో అన్నమే లేకపోతే ఎట్ల? ఒకవైపు వాటాలు తేలుతుంటే ఇంకోవైపు పంచుకోవాల్సిన నౌకర్లనే టెండరు పెట్టి ఏజెన్సీలకు ఇస్తున్నరు. వర్గీకరణ కావాలన్నోళ్లు, వద్దన్నోళ్లు ఇద్దరూ కలిసి కొట్లాడాల్సిన జాగ ఇది.

చచ్చినోడు ఎవరి మనిషి?

రెండో నష్టం ప్రాణం. 2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లో దిగి నలుగురు చనిపోయిన్రు. ముగ్గురు కాంట్రాక్టు కూలీలు. నాలుగో అతను వాళ్లను కాపాడబోయి పోయిండు. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు కూలీలు ప్రాణాలతో పైకి రాలేదు. ఇద్దరూ కాంట్రాక్టు కింద పనిచేసినోళ్లే.

రక్షణ పరికరాలు లేకుండా మురుగు గుంతల్లోకి మనిషిని దించడం నేరమని 2013 చట్టం చెప్తున్నది. 1993 నుంచి మురుగు గుంతల్లో పోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలియ్యాలని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ ఏండ్ల తరబడి కోర్టు మెట్లెక్కితే వచ్చిన తీర్పు అది. 2023 అక్టోబరులో అదే కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. చట్టం ఉన్నది, తీర్పులున్నయి. మరి చావులు ఎందుకు ఆగుతలేవు?

బాధ్యత చేతులు మారుతది గనుక ఆగుతలేవు. అధికారిని అడిగితే "కాంట్రాక్టరుకు ఇచ్చినం" అంటడు. కాంట్రాక్టరు "సబ్ కాంట్రాక్టు ఇచ్చిన" అంటడు. సబ్ కాంట్రాక్టరు మేస్త్రీని చూపిస్తడు. మేస్త్రీ ఫోను స్విచాఫ్. చచ్చినోని పేరు ఏ రిజిస్టరులో ఉండదు. ఔట్‌సోర్సింగు అంటే పని బయటికి ఇచ్చుడు అని తర్జుమా చేస్తరు. అసలైన తర్జుమా, నేరాన్ని బయటికి ఇచ్చుడు.

వెట్టికి, రజాకార్లకు ఎదురు నిలిచి 1948 ఆగస్టు 27న నెత్తురు చిందించిన బైరాన్‌పల్లి మా మద్దూరు పక్కనే ఉన్నది. వెట్టికి జీతం లేదు, దీనికి ఉన్నది, నిజమే. కాని వెట్టికి ఇంకో గుణం ఉండె. పని చేయించుకున్న దొర, చేసిన మనిషికి ఏ జవాబూ చెప్పాల్సిన పని లేకుండె. ఆ గుణం మాత్రం తిరిగొచ్చింది.

దళిత కాంట్రాక్టరు వస్తే సరిపోతదా?

ఇక్కడ మనలోనే ఒక వాదన ఉన్నది. దాన్ని దాటేసి పోవద్దు. 2017లో జలమండలి, దళిత వ్యాపారుల సంఘం డిక్కీ కలిసి 70 చిన్న జెట్టింగు యంత్రాలను దించినయి. ఇరుకు గల్లీల్లోకి పోయి మురుగు తీసే బండ్లు అవి. ఎస్సీ యువకులు బ్యాంకు లోన్లతో యజమానులైన్రు. మనిషి గుంతలో దిగే అవసరం తగ్గింది. మనోళ్లే ఓనర్లు. ఇంకేం గావాలె అని కొందరు అడుగుతరు.

యంత్రం రావడం మంచిదే. మోరిల దిగే చావు తప్పించే ఏ యంత్రాన్నైనా నెత్తిన పెట్టుకుంటం. ఆ యువకుల ఎదుగుదలను చూసి కండ్లమంట పడేటోళ్లం కాదు. అడిగేది ఒక్కటే. ఓనరు అయినోళ్లు ఎందరు? బండి మీద డ్రైవరు, పైపు పట్టే హెల్పరు అయినోళ్లు ఎందరు? ఓనరు కాంట్రాక్టు గడువు కోసం ఎదురుచూస్తడు, హెల్పరు ఓనరు దయ కోసం ఎదురుచూస్తడు. పదుల మంది యజమానులను చూపించి వేలమంది నౌకర్ల హక్కు వదులుకొమ్మంటే ఒప్పుకునేది లేదు. కాంట్రాక్టరు కులం మారితే కాంట్రాక్టు గుణం మారదు.

నాగపూర్ ఏం చెప్తున్నది?

మూడో నష్టం నల్లాకాడ. కంపెనీ వస్తే 24 గంటలు నీళ్లొస్తయని చెప్తరు. బాబాసాహెబ్ 1956లో బౌద్ధ దీక్ష తీసుకున్న నాగపూర్‌నే చూద్దాం. 2012 నుంచి 25 ఏండ్లకు అక్కడి నీళ్ల సరఫరాను ఫ్రాన్సు కంపెనీ వియోలియా, విశ్వరాజ్ కలిసి పెట్టిన ఆరెంజ్ సిటీ వాటర్‌కు అప్పగించిన్రు. అయిదేండ్లలో నగరమంతటికీ 24 గంటల నీళ్లు అన్నరు. గడువు దాటింది, నగరమంతటికీ రాలేదు. మీటరు లెక్కల ఎంత నీళ్లు తేలితే దాని మీద కంపెనీకి సొమ్ము. అసుంటి కంపెనీకి బిల్లు కట్టలేని బస్తీ అంటే ఏంది? మనుషులుండే జాగ అనుకుంటదా, నష్టం వచ్చే ఖాతా అనుకుంటదా?

తమాషా ఏందంటే, అదే వియోలియాను, దాని పక్కన సూయజ్‌ను సొంత దేశపు రాజధాని ప్యారిస్ 2010లో సాగనంపింది. నీళ్లను నగరపాలక సంస్థ తన చేతిలోకి తీసుకొని మరుసటేడు రేటు 8 శాతం తగ్గించింది. వాళ్ల ఊర్లో వద్దన్న పద్ధతి రెండేండ్లకు మన ఊర్లోకి సంస్కరణ అయి వచ్చింది. బొలీవియాలో కొచబంబ నగరం నీళ్లను 1999లో బెక్టెల్ కంపెనీ ఉన్న కూటమికి ఇచ్చిన్రు. బిల్లులు పెరిగినయి. జనం సొంతంగ తవ్వుకున్న బావుల నీళ్లు కూడా కంపెనీ కిందికి పోతయన్న భయం పుట్టింది. మూలవాసులు, రైతులు, కార్మికులు రోడ్డెక్కిన్రు. కాల్పుల్లో 17 ఏండ్ల పిల్లగాడు చనిపోయిండు. 2000 ఏప్రిల్‌లో ఆ ఒప్పందం రద్దయింది.

హైదరాబాదులో 2021 జనవరి నుంచి ఇంటి నల్లాకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం అన్నరు. బస్తీలకు మీటరు షరతు కూడా పెట్టలేదు. అది ఎవరి దయ? బల్దియా ఎన్నికలప్పుడు ఇచ్చిన మాట అది. ఓటు భయం ఉన్నది కాబట్టి ఇచ్చిన్రు. కంపెనీ బోర్డు మీటింగులో మనకు ఓటు ఉంటదా?

మా జిల్లా నీళ్లు, మా జిల్లా మనుషులు

పట్నం నీళ్ల ముచ్చట మద్దూరులో ఎందుకని ఎవరన్న అనొచ్చు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఎనిమిది ఊళ్లను ముంచి మా సిద్దిపేట జిల్లాలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ కట్టిన్రు. 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన్రు. అక్కడినుంచి 20 టీఎంసీలు హైదరాబాదుకు, మూసీకి తీసుకపోయే గోదావరి రెండు, మూడు దశలకు 2025 సెప్టెంబరు 8న శంకుస్థాపన అయింది. 7,360 కోట్ల పని. పద్ధతి పేరు హైబ్రిడ్ యాన్యుటీ. తెలుగులో చెప్పాలంటే, 40 శాతం సర్కారు పెడుతది. 60 శాతం కంపెనీ అప్పు తెచ్చి పెడుతది. ఆ 60 శాతాన్ని వడ్డీతో సహా ఏండ్ల తరబడి వాయిదాల్లో సర్కారే కంపెనీకి కడుతది. జనం బిల్లు కట్టినా కట్టకున్నా కంపెనీ వాయిదా ఆగదు. ఖజానాలో తక్కువ పడితే కోత ఎక్కడ పడుతది? హాస్టలు పిల్లల మెస్ బిల్లుల మీద, స్కాలర్‌షిప్‌ల మీద, ఉచిత నీళ్ల మీద పడుతది. కంపెనీ వాయిదా మీద మాత్రం పడదు.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధానమంత్రి వచ్చి మొదలుపెట్టిన మిషన్ భగీరథ కూడా ఇదే దారిలో నడుస్తున్నది. పైపులు సర్కారువి, నడిపే మనుషులు ఏజెన్సీలవాళ్లు. నెలల తరబడి జీతాలు రాలేదని వాళ్లు ధర్నాలకు కూర్చుంటున్నరు. మద్దూరు, ధూళ్మిట్ట, చేర్యాల మెట్ట ఊళ్లనుంచి కరువుకు పట్నం పోయిన మన పిల్లలు అక్కడ ఏజెన్సీ కూలీలు. ఊర్లో ఉన్నోళ్లు ఇక్కడ ఏజెన్సీ కూలీలు. నీళ్లు పోయే దారిలోనే మన బతుకులు కూడా పోతున్నయి.

సర్కారు సక్కగ ఉన్నదా?

లేదు. సర్కారు చేతిలో ఉన్నంత మాత్రాన వాడకు న్యాయం జరిగిందని మేమంటలేము. పైపులైను ఊరంతా తిరిగి చివరికి వాడకొస్తది, అప్పటికి ట్యాంకు ఖాళీ. బస్తీకి అర్ధరాత్రి నీళ్లిడుస్తరు. అధికారుల కుర్చీల్లో కూర్చున్నోళ్ల కులాలు మనకు తెల్వనివి కావు. అయినా తేడా ఉన్నది. సర్కారు ఆఫీసు ముందట ఖాళీ బిందెలు పెట్టి కూర్చోవచ్చు. సమాచార హక్కు కింద కాగితం అడగొచ్చు. ఎస్సీ కమిషన్‌కు పోవచ్చు. ఎమ్మెల్యే గల్లా పట్టుకొని అడగొచ్చు. కంపెనీ ముందుకు పోతే సెక్యూరిటీ గార్డు ఎదురొస్తడు. పాపం వాడు కూడా ఔట్‌సోర్సింగులో ఉన్న మనోడే. చెడిపోయిన ఇంటిని బాగుచేసుకుంటం గాని ఇంటిని అమ్ముకోం గదా!

మనం అడగాల్సినవి

నీళ్లు, మురుగు పనులు ఏడాది పొడుగునా ఉండేవే. ఆ పనులు చేసేవాళ్లను పర్మనెంటు చెయ్యాలె, రోస్టరు ప్రకారం నింపాలె.

అప్పటిదాక దళారీ ఏజెన్సీలను తీసేసి జీతం నేరుగా కార్మికుని ఖాతాలో వెయ్యాలె, రిజర్వేషన్ పాటించాలె. 2020లో ఆంధ్రప్రదేశ్ ఔట్‌సోర్సింగు ఉద్యోగుల కోసం సర్కారీ కార్పొరేషన్ పెట్టి, రిజర్వేషన్ కూడా పెట్టి, ఇది చెయ్యొచ్చని చూపించింది.

మ్యాన్‌హోల్ చావుకు పై అధికారిని ముద్దాయిని చెయ్యాలె. 30 లక్షలతో పాటు ఇంట్లో ఒకరికి సర్కారు నౌకరి ఇయ్యాలె.

నీళ్ల కాంట్రాక్టు కాగితాలన్నీ తెలుగులో వార్డు ఆఫీసులో, గ్రామ పంచాయతీలో పెట్టాలె.

బిల్లు పేరుతో దళితవాడ, బస్తీ నల్లాను కోసే అధికారం ఎవరికీ ఉండొద్దు. ఉచిత నీళ్లు ఎన్నికల హామీగా మిగలొద్దు, చట్టం కావాలె.

మల్లన్నసాగర్ పైపులైను పనుల్లో, నిర్వహణలో ముంపు ఊళ్ల భూమిలేని కుటుంబాలకు మొదటి హక్కు ఉండాలె.

మహద్‌లో వాళ్లు "ఇది ప్రైవేటు చెరువు" అన్నరు. మనం "ఇది అందరిది" అన్నం. కొట్లాట ఇంకా అదే మాట మీద నడుస్తున్నది. ఈసారి ఎదుటివాని చేతిలో జంధ్యం లేదు, టెండరు కాగితం ఉన్నది. అంతే తేడా. నీళ్ల కాడ పుట్టిన ఉద్యమం నీళ్లను కంపెనీకి వదిలేస్తే సువార్త ఎత్తిన బిందెకు మనం జవాబు చెప్పలేం.

జై భీమ్!